గడప మాట

నా భార్య చనిపోయాక ఆమె చేత అబద్ధం చెప్పించారు. ఆ అబద్ధం ఐరోపా మొత్తానికీ చట్టమైంది. ఇందులో అనుమానానికి చోటు లేదు. నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను.

ఆమె పేరు కోటేశ్వరి. నా మేనమామ కూతురు. మాది పల్నాడు. నేను ఊరి బడిలో పదో తరగతి వరకు చదివి, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో కంప్రెసర్లు విప్పడం, బిగించడం నేర్చుకున్నాను. ఆ పనే నన్ను బెల్జియం తీసుకుపోయింది. ఆంట్‌వెర్ప్ రేవులో పళ్ళు నిలవ చేసే పెద్ద గిడ్డంగి. నాకు యంత్రాల గదిలో పని. ఆమెకు పళ్ళు ఏరే బల్ల దగ్గర పని. పిల్లలు లేరు. ఇద్దరం ఒకే ట్రాములో వెళ్ళి ఒకే ట్రాములో వచ్చేవాళ్ళం.

ఆ గిడ్డంగిలో పళ్ళు కుళ్ళవు. పెరూ నుంచి ఓడలో వచ్చిన మామిడి పండు నెలలు గడిచినా కోసిన రోజు మాదిరి తొడిమ దగ్గర పాలు కారుస్తూ ఉంటుంది. గదుల్లోకి ఒక వాయువు వదులుతారు. కంపెనీ దానికి అక్షరాలు, అంకెలు కలిపి ఏదో పేరు పెట్టింది. మేం నిలవ గాలి అనేవాళ్ళం. దానికి రంగు లేదు, వాసన లేదు. ఏరే ఆడవాళ్ళు పళ్ళ కోసం లోపలికి వెళ్ళే ముందు దాన్ని బయటికి తోడెయ్యాలి. పూర్తిగా తోడితే మళ్ళీ నింపడం కంపెనీకి భారం. అందుకని కొంచెం వదిలేస్తారు. ఆ కొంచెం ఎంత ఉండవచ్చు అన్నదే చట్టం.

కోటేశ్వరి వేళ్ళకు మొదట వేడి తెలియడం మానేసింది.

ఒక ఆదివారం ఆమె పొయ్యి దగ్గర దోసెలు పోస్తోంది. నేను బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. కాలిన వాసన వచ్చింది. దోసె వాసన కాదు.

"కోటీ, చెయ్యి పెనం మీద ఉంది," అన్నాను.

ఆమె కిందికి చూసుకుంది. నింపాదిగా చెయ్యి తీసింది. "అవును గదా," అంది.

నేను లేచి నీళ్ళు పోశాను. చర్మం తెల్లగా ఊడి వస్తోంది. "నొప్పి లేదా?"

"ఉంటే బాగుండేది బావా," అంది. తర్వాత నవ్వింది. "ఒక రకంగా మంచిదే. అట్లకాడ కడగక్కర్లా."

నేను ఆమె చేతికి తడిగుడ్డ చుట్టాను.

ఏరే బల్ల దగ్గర అలాంటి చేతులు ఇంకా చాలా ఉన్నాయి. తర్వాత గొంతు పట్టేసేది. ఇద్దరు ముగ్గురు మొరాకో ఆడవాళ్ళు పని మాని వెళ్ళిపోయారు. ఒకామె చనిపోయిందని విన్నాం. విశ్వవిద్యాలయాల వాళ్ళు వచ్చి రక్తాలు తీసుకున్నారు, కొలతలు వేసుకున్నారు, నిలవ గాలి నరాలను తింటుందని తేల్చారు. గదిలో మిగలనిచ్చే పరిమితిని పదో వంతుకు తగ్గించాలని బ్రస్సెల్స్‌లో ఒక ముసాయిదా తయారైంది. దాన్ని తేల్చాల్సిన కమిటీ పేరు ఇక్కడ అనవసరం.

కంపెనీ ఆ ముసాయిదా మీద ఒక్క మాట కూడా విరుద్ధంగా మాట్లాడలేదు. నాకే కాదు, అందరికీ అప్పుడే అనుమానం రావాల్సింది. ఎవరికీ రాలేదు.

పైరవీ అంటే మాకు తెలుసు. మా మండలాఫీసు ముందు టీ బంకులో కూర్చుని, సంచిలో కాయితాలతో, లోపలికి వెళ్ళి పని చేయించుకొచ్చే మనిషిని పైరవీకారు అంటాం. అతన్ని చూస్తే ఎవరికీ గౌరవం ఉండదు. బ్రస్సెల్స్‌లో పైరవీ గౌరవమైన వృత్తి. దానికి మెడలో కార్డు ఉంటుంది, అద్దాల మేడ ఉంటుంది, లోపలికి వెళ్ళడానికి వేరే గుమ్మం ఉంటుంది. కంపెనీ తరఫున పెట్టుకున్న పైరవీ మనిషి పేరు డెక్కర్స్. పొడుగ్గా, చల్లగా ఉంటాడు. ఎప్పుడూ గొంతు పెంచడు. అతను కమిటీ సభ్యులను ఒక్కటే అడిగాడు. ఇంత పెద్ద నిర్ణయం తీసుకునే ముందు ఆ గదుల్లో పనిచేసే కార్మికుల గొంతు వినవద్దా?

అందరూ చప్పట్లు కొట్టారు. యూనియన్ కూడా కొట్టింది.

కార్మికులు ఎక్కడెక్కడి వాళ్ళో. పని మానుకుని బ్రస్సెల్స్ రాలేరు. వచ్చినా భాష రాదు. దానికీ డెక్కర్స్ దగ్గర ఉపాయం ఉంది. ఒక ప్రయోగశాల వాళ్ళు కనిపెట్టిన కొత్త యంత్రం. దాని పేరు 'ప్రతినిధి'. ఒక మనిషితో కొన్నిసార్లు ఇంటికొచ్చి మాట్లాడతారు. మణికట్టుకు పట్టీ కడతారు. గుండె కొట్టుకోవడం, ఊపిరి, మాట మధ్యలో ఆగడం, నవ్వు, అన్నీ అది తీసుకుంటుంది. చివరికి ఆ మనిషి గొంతుతో, ఆ మనిషి తీరుతో మాట్లాడే బొమ్మ తయారవుతుంది. కంటికి కనపడే బొమ్మ కాదు, గొంతు మాత్రమే. దాన్ని ఏ ప్రశ్న అడిగినా ఆ మనిషి ఏం చెప్పేదో అదే చెబుతుంది. కమిటీ తన కుర్చీల్లోంచి కదలకుండా ఒక్క పూటలో గిడ్డంగి మొత్తాన్ని విచారించవచ్చు.

ప్రతినిధి చెప్పింది మనిషి చెప్పినట్టే లెక్క అని చట్టంలో వాక్యం చేర్చారు. ఆ వాక్యం ఎవరు రాశారో తర్వాత తెలిసింది.

మా ఇంటికి వచ్చిన అమ్మాయి పేరు సువర్చల. ప్రయోగశాలలో ఉద్యోగం. భాషల చదువు చదివింది. మొదటి రోజే కోటేశ్వరి ఆ పిల్లను పట్టేసుకుంది.

"ఏ ఊరమ్మాయ్ మీది?"

"భీమిలి దగ్గరక్కా. విశాఖపట్నం."

"అయితే ఏటి అంటావా?"

"ఇంట్లో అంటాను. ఆఫీసులో అనను."

"ఇదీ ఇల్లే గదా. అనరాదూ."

"ఏటనమంటారు?" అంది సువర్చల. ఇద్దరూ నవ్వారు. పట్టీ మీద చిన్న పచ్చ దీపం ఆ నవ్వుకు అనుగుణంగా కొట్టుకుంది.

"ఇది నా మాట నేర్చుకుంటే నీకేంటి లాభం?" అని అడిగింది కోటేశ్వరి.

"మీకే లాభం. మీ కష్టం మీ బదులు అది చెప్పుకుంటుంది."

"నా మీద మా బావకు చాడీలు చెప్పుద్దా?"

"అన్నయ్యగారు అడిగితే చెబుతుంది."

"నువ్వు అడగబాకు బావా," అని నాకు చెప్పి కాఫీ కలపడానికి లేచింది. నేను వద్దని ఆమెను కూర్చోబెట్టి వంటింట్లోకి వెళ్ళాను. అప్పటికే ఆమె చేతిలో గ్లాసులు నిలవడం లేదు.

కాఫీ తాగుతూ కోటేశ్వరి ఆ పిల్లకు అన్నీ చెప్పింది. వేళ్ళ గురించి, పెనం గురించి, రాత్రుళ్ళు గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టుండే దాని గురించి. గంటసేపు చెప్పింది. దాపరికం లేదు. సువర్చల కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ప్రతిసారీ అలాగే జరిగింది.

ప్రతిసారీ ఇంకొకటి కూడా జరిగింది. సువర్చల కోటు వేసుకుని, బూట్లు తొడుక్కుని, గుమ్మం దగ్గర నిలబడి, అప్పుడు కోటేశ్వరి మణికట్టు నుంచి పట్టీ విప్పేది. విప్పే ముందు ఒక ప్రశ్న అడిగేది. ఎప్పుడూ అదే ప్రశ్న.

"ఆఖరుగా ఒక్కటక్కా. మొత్తం మీద చూస్తే, ఆ పనిలో మీకేమైనా ఇబ్బంది ఉందా?"

"ఏం లేదమ్మాయ్. అంతా బాగుంది. నువ్వు మంచిగా వెళ్ళిరా."

తలుపు వేశాక నేను ఒకసారి అడిగాను. "ఇందాకటిదాకా అంత చెప్పావు. ఇప్పుడేంది, బాగుంది అన్నావు?"

ఆమె నన్ను తెలివి లేనివాణ్ణి చూసినట్టు చూసింది. "బయల్దేరిన పిల్లకు ఏడుపు మాట చెప్పి పంపుతారా ఎవరైనా? చీకటి పడుద్ది, ట్రాములు మారి పోవాల. అవన్నీ కూర్చున్నప్పుడు చెప్పా గదా. తీసుకుంది గదా."

మా ఇళ్ళలో అంతే. గడప దాటే మనిషికి చెడ్డ మాట వినిపించరు. 'పోతా' అని వాళ్ళు అనరు, 'పో' అని మనం అనం. ఇంట్లో శవం లేచినంత కష్టం ఉన్నా గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్ళకు మంచి మాటే చెప్పి పంపుతారు. వాళ్ళు క్షేమంగా చేరాలి. కోటేశ్వరి పోస్ట్‌మాన్‌ను కూడా అలాగే పంపేది. అతనికి తెలుగు రాదు. చెయ్యి ఊపి వెళ్ళేవాడు.

ఫిబ్రవరిలో ఆమె అన్నం మింగలేకపోయింది. తర్వాత నీళ్ళు. మార్చిలో పోయింది. ఆ దేశంలో పెట్టెలో పెట్టి మీట నొక్కితే మంట వస్తుంది. నేను నొక్కాను. ఆ రోజు గిడ్డంగిలో నాకు సెలవు ఇచ్చారు. బుట్టెడు పళ్ళు పంపారు. అవి ఇంకా కుళ్ళలేదు.

వేసవి మొదట్లో సువర్చల ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. రేపు కమిటీ ముందు ప్రతినిధుల విచారణ. అక్కది కూడా ఉంది."

"ఆమె చనిపోయింది."

"మనిషి పోయినా ఐదేళ్ళు చెల్లుతుందని చట్టంలో ఉందండి."

"ఎవరు పెట్టారు ఆ మాట?"

"డెక్కర్స్‌గారి ముసాయిదాలో ఉంది. కమిటీ అలాగే ఎత్తి రాసుకుంది. ఒక్క కామా మార్చలేదు."

నేను బ్రస్సెల్స్ వెళ్ళాను. చూడ్డానికి వచ్చినవాళ్ళు కూర్చునే వరుసలో కూర్చున్నాను. పెద్ద హాలు. సభ్యుల చెవుల్లో అనువాదం వినే గొట్టాలు. అధ్యక్షురాలు నెరిసిన జుట్టు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. ప్రతినిధులను ఒక్కొక్కరినే పిలుస్తోంది. అరబ్బీలో ఒక గొంతు. పోలిష్‌లో ఒక గొంతు. వాళ్ళలో కొందరు గాలి మంచిది కాదు అన్నారు. కొందరు ఫరవాలేదు అన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు కోటేశ్వరి మాట్లాడింది.

పేరు అడిగితే చెప్పింది. ఊరు అడిగితే, "కోటప్పకొండ పక్కనే, తిరునాళ్ళకు వస్తే చూపిస్తా," అంది. గొంతులో చివర కొంచెం జీర ఉండేది ఆమెకు. ఆ జీర ఉంది. ఊపిరి తీసుకునే చోట తీసుకుంది. మూడు నెలలుగా నేను ఇంట్లో వినని గొంతు, అక్కడ ఉన్న పరాయి వాళ్ళందరి చెవుల్లో పడింది.

అధ్యక్షురాలు అడిగింది. "ఆ గదుల్లో వాయువు వల్ల మీకు ఇబ్బంది ఉందా?"

"ఏం లేదండి. అంతా బాగుంది. మీరు మంచిగా వెళ్ళిరండి."

అనువాదం చేరడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత హాల్లో నవ్వులు వచ్చాయి. వెక్కిరింపు కాదు, ముచ్చటపడ్డారు. కూర్చున్న వాళ్ళను వెళ్ళిరండి అంటోంది మరి. "ఎంత మర్యాదస్తురాలు," అంది అధ్యక్షురాలు. తర్వాత ఇంకో ఆరేడుగురు తెలుగు ఆడవాళ్ళ గొంతులు వినిపించాయి. గోదావరి వైపు ఒకామె, నెల్లూరు వైపు ఒకామె. అందరూ బాగుందనే చెప్పారు. అందరూ కమిటీని క్షేమంగా వెళ్ళిరమ్మన్నారు.

నడవాలో సువర్చలను పట్టుకున్నాను.

"ఆమె నీకు గంటలు గంటలు చెప్పింది. అదంతా ఏమైంది?"

"అదంతా లోపలే ఉందన్నయ్యగారూ. కానీ తలుపు దగ్గర అడిగిన ప్రశ్నకు యంత్రం ఎక్కువ బరువిస్తుంది. ఇబ్బంది ఉందా అని ఎవరు అడిగినా ఆ జవాబే ముందు పెడుతుంది. ఇక్కడి వాళ్ళు కూర్చున్నంతసేపు మర్యాదకు మాట్లాడి, లేచి కోటు వేసుకునేటప్పుడు అసలు మాట బయటపెడతారు. వేల మంది మీద పరీక్షించి పెట్టిన పద్ధతి."

"మన వాళ్ళ మీద పరీక్షించారా?"

"లేదు."

"నువ్వు మన పిల్లవే గదా. నీకు తెలియదా?"

"తెలుసు," అంది. తల దించుకుంది. "మీ ఇంటికి వచ్చిన రెండోసారే అర్థమైంది. డెక్కర్స్‌గారికి చెప్పాను. చాలా ఆసక్తికరమైన విషయం అన్నారు."

"తర్వాత?"

"తెలుగు వాళ్ళను ఇంకొంతమందిని చేర్చమన్నారు."

నడవా చివర అద్దాల గదిలో డెక్కర్స్ ఒక సభ్యుడితో కాఫీ తాగుతున్నాడు. మధ్యలో ఒక కంప్యూటర్ పలక. అందులోని రాతను డెక్కర్స్ వేలితో చూపిస్తున్నాడు, సభ్యుడు తన దాంట్లోకి దించుకుంటున్నాడు. దాచుకుని చేయడం లేదు. అద్దాల గది గదా.

సువర్చల ఒక దారి ఉందంది. చనిపోయిన మనిషి ప్రతినిధి మీద దగ్గరి బంధువు అభ్యంతరం చెప్పవచ్చు. అప్పుడు ఓటింగుకు ముందు ఆ బంధువు తనే ప్రతినిధిని మళ్ళీ ప్రశ్నించవచ్చు. ఆ కొత్త జవాబు పాత జవాబును కొట్టేస్తుంది. ఒక్కసారే అవకాశం. ఓటింగు మరుసటి వారం. సభ్యులు రెండు పక్షాలుగా సమానంగా ఉన్నారు. చనిపోయిన కార్మికురాలే తప్పు లేదని చెప్పిందంటే అటు, ఆమె మాట మారిందంటే ఇటు.

నేను సరే అన్నాను.

ప్రయోగశాల అదే వీధిలో ఉంది. తెల్లటి గది. ఒక కుర్చీ, గోడలో జాలీ పెట్టిన గుండ్రటి రంధ్రం. కమిటీ తరఫున ఒక మహిళా అధికారి, డెక్కర్స్, సువర్చల గోడవారగా కూర్చున్నారు. అనువాదం వాళ్ళ చెవుల్లోకి వెళుతుంది. నేను కుర్చీలో కూర్చున్నాను.

"కోటీ," అన్నాను.

"బావా? నువ్వొచ్చావేంది? ఆ పిల్ల రాలేదా?"

"వచ్చింది. ఇక్కడే ఉంది."

"కాఫీ ఇచ్చావా?"

"ఇచ్చాను."

"నువ్వు తిన్నావా?"

నేను తినలేదు. "తిన్నాను," అన్నాను.

"ఏం తిన్నావో చెప్పు."

"పప్పు."

"అబద్ధం. పప్పు నానబోసే ఓపిక నీకుందా?"

సువర్చల ముఖం తిప్పుకుంది. డెక్కర్స్ మోకాలి మీద చేతులు పెట్టుకుని శ్రద్ధగా వింటున్నాడు.

"కోటీ, చేతులు ఎట్టా ఉన్నాయి? కూర్చునే చెప్పు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళట్లేదు."

ఆ గొంతు చెప్పింది. గాలి గదిలోంచి వచ్చిన రోజు మోచేతుల దాకా మొద్దుబారిపోతాయని చెప్పింది. గది పూర్తిగా తోడకుండానే తలుపు తీస్తున్నారని, అడిగితే బల్ల మార్చేస్తామన్నారని చెప్పింది. గొంతు పట్టేస్తోందని చెప్పింది. ఆ తర్వాత నాకు తెలియనిది ఒకటి చెప్పింది.

"నీతో అనలా బావా. నువ్వు నిద్రపోయాక నీ మొహం మీద చెయ్యేసి చూస్తా. నాకేం తెలియట్లా. చెక్క మీద వేసినట్టుంది. నీ మొహం ఎట్టా ఉంటదో చెయ్యి మర్చిపోయింది."

అధికారి తల వంచుకుని రాసుకుంది. ఇది యంత్రం కల్పించిన మాటేమోనని సువర్చల వైపు చూశాను. ఆ పిల్ల కాదన్నట్టు తల ఊపింది. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నప్పుడు కోటేశ్వరి ఆమెతో చెప్పిన మాట అది.

అంతా చెప్పించాను. నిజం గదిలో నిలబడింది. అధికారి కలం మూసి, "ధన్యవాదాలు. ఇక ముగించవచ్చు," అంది.

ముగించడం అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. ప్రశ్నించే మనిషి కుర్చీలోంచి లేస్తే యంత్రానికి తెలుస్తుంది. అది తనంతట తానే తలుపు ప్రశ్న వేస్తుంది. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబుకే బరువు.

నేను లేవలేదు.

"తొందరేం లేదు," అన్నాడు డెక్కర్స్. "మీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చోండి. కాకపోతే ముగింపు ప్రశ్న లేకుండా ఇది చెల్లదు. అప్పుడు కమిటీ ముందు వినిపించిన జవాబే ఉంటుంది."

"ఆ రూలు నువ్వే రాశావా?"

"మేం సూచించాం. వాళ్ళు ఆమోదించారు." అది చెప్పడంలో అతనికి సిగ్గు గాని గర్వం గాని లేవు.

నేను కూర్చున్నాను. మధ్యాహ్నం గడిచింది. ఆమెతో ఏవేవో మాట్లాడాను. మా మేనమామ ఇంట్లో గేదె ఈనిన రోజు గురించి. ఆమె పెళ్ళిలో చెప్పులు పోయిన సంగతి గురించి. ఆమె నవ్వుతోంది. గోడవారన ఉన్న వాళ్ళు విసుగు దాచుకుంటున్నారు. కూర్చున్నంతసేపు ఆమె నిజమే చెబుతుంది. నేను బతికినంతకాలం ఆ కుర్చీలో కూర్చోగలిగితే నిజం గెలుస్తుంది. ఐదు గంటలకు భవనం మూస్తారని అధికారి గుర్తు చేసింది.

ఒక్కటే మిగిలింది. చచ్చినవాళ్ళకు ఇంకెవరి క్షేమం గురించీ భయం ఉండదనుకున్నాను.

"కోటీ, నీకొకటి చెప్పాలి. నువ్వు లేవు. మార్చిలో పోయావు."

సువర్చల లేచి నిలబడింది. అలాంటి మాట ప్రతినిధికి ఎవరూ ఇంతవరకు చెప్పలేదట.

"అట్టనా," అంది కోటేశ్వరి. చాలా సేపటికి, "గొంతు పట్టేసేనా?"

"గొంతు పట్టేసే."

"బాధపడ్డానా?"

"లేదు," అన్నాను.

"నువ్వు పక్కనున్నావా?"

"ఉన్నాను."

"ఇంకేం మరి," అంది.

"విను కోటీ. ఇప్పుడు నేను లేస్తాను. లేస్తే వాళ్ళు నిన్ను ఒకటి అడుగుతారు. నిజం చెప్పు. నేను వెళుతున్నానని చూడబాకు. అక్కడ నీతో పనిచేసిన ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. నువ్వు నిజం చెబితే వాళ్ళ చేతులు బతుకుతాయి. నాకేం కాదు. చెబుతావు గదా?"

"సరే బావా."

"బాగుంది అనబాకు."

"అననులే. చెప్పా గదా."

నేను లేచాను. కోటు చేతిలోకి తీసుకున్నాను. యంత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు. సువర్చల గొంతును ముందే పట్టి పెట్టుకుంది కాబట్టి ఆ గొంతుతోనే అడిగింది. ఆఖరుగా ఒక్కటక్కా. మొత్తం మీద చూస్తే, ఆ పనిలో మీకేమైనా ఇబ్బంది ఉందా?

జవాబు రాలేదు. అధికారి కలం పైకెత్తి పట్టుకుంది. డెక్కర్స్ మొట్టమొదటిసారి కుర్చీలో ముందుకు వంగాడు. ఆ నిశ్శబ్దంలో ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. లోపల ఏదో పెనుగులాట. యంత్రం మీద దీపాలు ఎర్రగా, పచ్చగా కొట్టుకుంటున్నాయి. ఇచ్చిన మాట తప్పుతున్న మనిషి ఎలా తడబడుతుందో అలా తడబడింది.

"బావ ఒక్కడే పోతున్నాడు గదా," అంది. ఎవరితో అందో తెలియదు. తర్వాత గొంతు సర్దుకుంది. "ఏం లేదమ్మాయ్. అంతా బాగుంది. మంచిగా వెళ్ళిరా బావా."

అధికారి రాసుకుంది. రెండు జవాబులూ సరిపోలాయని సంతకం పెట్టింది. డెక్కర్స్ లేచి నా దగ్గరికి వచ్చి, మీ భార్య అపురూపమైన మనిషి అన్నాడు. ఆ మాట అతను మనస్ఫూర్తిగా అన్నాడని నాకు అనిపించింది. అందుకే అతన్ని ఇంకా ఎక్కువ అసహ్యించుకుంటాను.

ముసాయిదా వీగిపోయింది. పరిమితి తగ్గించలేదు, కాస్త పెంచారు. కార్మికుల అభిప్రాయాన్ని గౌరవించామని ప్రకటించారు. ఏరే బల్ల దగ్గర కోటేశ్వరి చోటులో ఇప్పుడు ఒడిశా అమ్మాయి నిలబడుతోంది. ఆమెకు ఇంకా వేడి తెలుస్తోంది.

కోటేశ్వరి ప్రతినిధి బాగా పనిచేస్తోందని పేరు తెచ్చుకుంది. విదేశీ మహిళా కార్మికులందరికీ మచ్చుగా దాన్ని వాడుతున్నారు. ఆమె ఎన్నడూ చూడని ఫ్యాక్టరీల గురించి అడుగుతున్నారు. పురుగుమందుల గురించి అడిగారట. పని గంటలు పెంచడం గురించి అడిగారట. నదిలోకి వదిలే రంగునీళ్ళ గురించి అడిగారట. అన్నిటికీ అంతా బాగుందనే చెబుతోంది. ఐదేళ్ళ గడువును పదేళ్ళు చేయాలని కొత్త ముసాయిదా వచ్చిందని విన్నాను. ఎవరు రాశారో అడగలేదు.

సువర్చల ఉద్యోగం మానేసింది. రెండుసార్లు మా ఇంటికి వచ్చి తలుపు కొట్టింది. నేను తీయలేదు. ఆ పిల్ల మంచిదే. ఏడ్చింది, దారి చూపింది. కానీ రెండోసారి వచ్చినప్పుడే ఆమెకు తెలుసు, ఆ తర్వాత కూడా ప్రతిసారీ గుమ్మం దగ్గర అదే ప్రశ్న అడిగింది. దానికి క్షమాపణ లేదు.

పోయిన నెల ప్రయోగశాల నుంచి కొత్త మనిషి ఫోను చేశాడు. భార్య ప్రతినిధి ఒక్కటే ఉంటే ఏకపక్షంగా ఉంటుందట. భర్త ప్రతినిధి కూడా ఉంటే విమర్శించే గొంతును కూడా లెక్కలోకి తీసుకున్నట్టు ఉంటుందట. నా కోపం చాలా విలువైనదట. కొన్నిసార్లు ఇంటికి వచ్చి మాట్లాడతామన్నాడు. నేను ఫోను పెట్టేశాను. హలో కూడా అనలేదు. ఆ ఒక్క మాట చాలు వాళ్ళకు.

యూనియన్ వాళ్ళు సభలో చెప్పమన్నారు. పత్రికల వాళ్ళు అడిగారు. మా ఊరి నుంచి బంధువులు అడిగారు. ఎవరికీ చెప్పలేదు. నోటి మాట ఎక్కడో ఒకచోట పట్టుబడుతుంది. పట్టుబడితే దానికి బరువులు కడతారు, తూచి తమకు కావలసింది పలికిస్తారు. అందుకే ఇది చేత్తో రాశాను, ఈ ఒక్కసారికి. దీని గురించి ఇక మాట్లాడను. ఎవరితోనూ మాట్లాడను. ఆమె పేరు కూడా ఇంకెప్పుడూ నా నోట రాదు.